గిటారుకు సీటు కుట్టిన మా చీమ

మా మేనకోడలు సాధించిన మొదటి ఘనవిజయం లేచి నిలబడటం. సరిగ్గానే చదివారు, అచ్చుతప్పు కాదు. లైబ్రరీ హాలులో నిండుసభ ముందు గంటకు పైగా గిటారు వాయించి, చివరి తీగ మోత ఆగాక, కుర్చీ పట్టుకోకుండా, మోకాలి మీద చెయ్యి ఆనించకుండా, పక్కవాళ్ల భుజం అందుకోకుండా నిటారుగా లేచి నిలబడి సభకు తల వంచింది. ఆ రోజు వాయించినవాళ్లు నలుగురు. లేవడం కోసం చెమటోడ్చింది మాత్రం ఆమె ఒక్కతే. ఆ గెలుపు వెనక మా ఇంటిల్లిపాదీ పడ్డ పాట్లు నలుగురికీ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

ఆమె మా చెల్లెలి కూతురు. పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ ఇంట్లో, వీధిలో, ఆఖరికి దుకాణానికి వచ్చే గిరాకీలకు కూడా ఆమె చీమే. మనిషి పొట్టి. నడక వచ్చిన కొత్తలోనే వాళ్ల నాన్న కుట్టి పక్కన పెట్టిన సైకిలు సీటును నెత్తికెత్తుకుని దుకాణమంతా తిరిగిందట. తనకన్నా పెద్ద బరువు మోసే జీవం కాబట్టి చీమ అన్నారు, అదే నిలిచిపోయింది. బడిలో ఎత్తు వరసలో నిలబెడితే అందరికన్నా ముందు ఉండేది. మార్కుల వరసలో నిలబెట్టినా ముందే. పదో తరగతి సెలవుల్లో ఎవరూ చెయ్యి వెయ్యకుండా మోటారు సైకిలు సీటు ఒకటి విప్పి, కుళ్లిన స్పాంజి పీకి, కొత్తది కోసి అతికించి, తొడుగు కుట్టి బిగించింది. ఆ బండి యజమాని మళ్లీ సీటు మార్చడానికి రానేలేదు. దుకాణదారుకు అది నష్టమే అనుకోండి, పనివాడికి అంతకన్నా బిరుదు ఉంటుందా?

దుకాణం అంటే మా బావది. ఇంటి కింది భాగమంతా అదే. మోటారు సైకిళ్లు, వ్యాన్లు, మంగలి షాపు కుర్చీలు, పళ్ల డాక్టరు పడక కుర్చీ, మనిషి కూర్చునేది ఏదైనా ఆయన సీటు వేస్తాడు. లోపలికి వెళితే ముందు జిగురు వాసన తగులుతుంది. గోడకు రెక్సిను చుట్టలు వరసగా ఆనించి ఉంటాయి. బల్ల మీద స్పాంజి దిమ్మలు, వాటిని కోసే పొడుగు కత్తి, గీతలకు సుద్దముక్క, పిన్నులు కొట్టే మిషను. మూల కిటికీ కింద రెండు కుట్టు మిషన్లు. అందులో ఎత్తు తక్కువది చీమది. నేను బస్సు నడిపినన్నాళ్లూ నా కింద ఉన్న సీటు ఆ గదిలో పుట్టిందే. అందుకే రిటైరయ్యాక కూడా నా నడుము నా మాట వింటోంది.

గిటారు మా వంశంలో లేదు. ఎదురు వరసలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు మీద ఒక టీచరుగారు గిటారు నేర్పుతారు. ఆవిడ తన కుర్చీలు బాగుచేయించుకున్నప్పుడు వాటిని ఇచ్చి రమ్మని మా బావ చీమను పంపాడు. ఇచ్చి రమ్మంటే వాటిలోనే ఒకదాంట్లో కూర్చుండిపోయింది. అలా మొదలైంది. ఆ చదువులో ఎనిమిది మెట్ల పరీక్షలుంటాయి. ఒక్కటీ తప్పలేదు. ఆఖరి మెట్టులో ఆ ఏడాది రాసినవాళ్లందరిలోకీ మొదటిది మా పిల్లే. ఇదంతా సీట్లు కుడుతూనే. పొద్దున సూది, సాయంత్రం తీగ.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. భుజానికి బెల్టు తగిలించుకుని నిలబడి ఊగుతూ వాయించే గిటారు వేరు. ఇది శాస్త్రీయ పద్ధతి. కూర్చునే వాయించాలి. ఎడమ పాదం కింద చిన్న ఇనప పీట పెట్టుకుంటారు. దానితో ఎడమ తొడ పైకి లేస్తుంది. గిటారుకు నడుములా లోపలికి వంగిన చోటు ఉంటుంది చూడండి, దాన్ని ఆ తొడ మీద ఆనిస్తారు. గిటారు మెడ ఏటవాలుగా పైకి లేచి ఎడమ భుజం పక్కకు వస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని గంటల తరబడి కూర్చోవడం అంటే బస్సు ఎక్కాలో దిగాలో తేలని ప్రయాణికుడి వాటం. పొడుగువాళ్లకు పీట కాస్త ఎత్తితే చాలు. చీమకు దాన్ని ఆఖరి కన్నం దాకా లేపినా చాలేది కాదు. మిగిలిన ఎత్తు నడుము మెలితిప్పి సంపాదించుకునేది.

టీచరుగారు తన శిష్యుల్లో నలుగురిని ఏరి ఒక బృందం కట్టారు. నాలుగు గిటార్లు కలిసి ఒకే పాట వాయిస్తాయి. మూడో కుర్చీ చీమది. ఊరూరా తిరిగి వాయించి రావడానికి పిలుపులు వచ్చాయి. మా చెల్లెలు ఆ సంగతి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క పూటలో చేరవేసింది. అప్పటికే చీమకు నడుము నొప్పి ముదిరింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్చీ పోతుందని భయం.

బయటపెట్టింది కత్తెర. కింద పడ్డ కత్తెరను చీమ వంగి తియ్యకుండా కాలివేళ్లతో పట్టి పైకి లేపడం మా చెల్లెలు చూసింది.

“ఏమే, చేతులు లేవా?”

“చేతులు గిటారుకి అమ్మా. కాళ్లు ఖాళీగా ఉన్నాయి కదా అని.”

“మరి నడుం ఎవరికిచ్చావ్?”

చీమ నవ్వబోయింది. నవ్వినా నొప్పే. అక్కడే బల్ల పట్టుకుని నిలబడిపోయింది.

ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె ఓపిగ్గా చూసింది. గిటారు తెప్పించి, వాయించమని, చుట్టూ తిరిగి చూసింది. “ఎముకకేం కాలేదు, కండరాలు మొరపెట్టుకుంటున్నాయి. పీట మానెయ్యి. రెండు పాదాలూ నేల మీద ఆనాలి. గిటారుని ఇంకేదైనా ఎత్తాలి, నీ నడుం కాదు. అలా కుదరకపోతే ఆరు నెలలు వాయించడం మానెయ్యి” అంది. మంచి పిల్ల, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

టీచరుగారు కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పారు. “చూడమ్మా, లైబ్రరీ హాల్లో మొత్తం కార్యక్రమం ఒకసారి జనం ముందు వాయిద్దాం. పీట లేకుండా చివరిదాకా కూర్చోగలిగితే నువ్వే వస్తావు. కూర్చోలేకపోతే నీ చోట పొడుగాయన వస్తాడు. ఊరు కాని ఊళ్లో నువ్వు మంచం పడితే నా ప్రాణం పోతుంది.”

పొడుగాయన అంటే ఆవిడ దగ్గరే నేర్చుకునే మరో శిష్యుడు. మనిషి గుమ్మం దాటాలంటే తల వంచాలి. మంచివాడే, నోరు మాత్రం ఊరుకోదు.

“నువ్వేం దిగులు పెట్టుకోకు చీమా. నీ భాగం నాకు నోటికొచ్చు.”

“నోటికొస్తే ఏం లాభం బాబూ, వేళ్లకి రావాలిగా” అంది చీమ.

నవ్వుతూ అంది గానీ ఇంటికి వచ్చి గిటారు పెట్టె మూత తియ్యలేదు. ఆ పిల్ల అలా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు మామూలుగా తేరుకుంది. పీట బదులు వాడే సాధనాలు బజారులో దొరుకుతాయని టీచరుగారు చెబితే ఒకటి కొనితెచ్చింది. ఇనప చట్రానికి రబ్బరు గిన్నెలు. అద్దానికి బొమ్మలు అతికించే రబ్బరు గిన్నెలు ఉంటాయే, అలాంటివే. గిటారు పక్కకు అదిమితే పట్టుకోవాలి. పక్కలు అద్దంలా ఉన్న కొత్త గిటారుకైతే పట్టుకుంటాయేమో. చీమది చేతులు మారి వచ్చిన గిటారు, పాలిష్ పోయి గరుకెక్కింది. పాట నడుమ టప్పున ఊడి, చట్రం ఎగిరి మా బావ టీ గ్లాసులో పడింది. తరువాత గాలి నింపే దిండు తెచ్చింది. దాని గాలి మెల్లమెల్లగా పోయేది. పాట పల్లవిలో ఛాతీ దగ్గరున్న గిటారు ముగింపుకు వచ్చేసరికి నిద్రపోయే పసిపిల్లలా ఒళ్లోకి జారేది.

మా బావకు కోపం వచ్చింది. గ్లాసు గురించి కాదు.

“ఊళ్లో వాళ్లందరికీ సీటు వేసేవాణ్ణి. నా కూతురు బయటికెళ్లి సీటు కొనుక్కొచ్చుకుందట బావా! వింటున్నావా?”

“అది సీటు కాదు నాన్నా. గిటారుకి ఆనిక” అంది చీమ.

“తొడ మీద కూర్చుంటుందా లేదా నీ గిటారు?”

“కూర్చుంటుంది.”

“కూర్చునేది ఏదైనా దాని కింద ఉండేది సీటే. దానికి నేనుండగా ఇంకొకడెవడు?”

“పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా” అని మా చెల్లెలు మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అంది.

“ఆ చెట్టే ఇన్నాళ్లూ నీకు నీడిచ్చింది” అన్నాడు బావ.

“నీడే. కాయలేవీ?”

ఇలా ఉంటుంది వాళ్ల సంసారం. నేను కల్పించుకోను.

బావ పట్టుదలగా ఆ రోజే కూర్చుని మొదటి సీటు చేశాడు. దూరప్రయాణాల బండ్లకు వేసే మెత్తటి స్పాంజి, అదీ రెండు పొరలు. కూతురి మీద ప్రేమ అంతా దానిలో కూరాడు. గిటారు దాని మీద పెట్టి తీగ మీటితే చాలు, ఒకసారి కుంగి, ఒకసారి లేచి, పడవలా ఊగింది. చీమ దాన్ని పట్టుకోలేక వాటేసుకుంది.

“నాన్నా, నడుం నొప్పి గిటారుకి కాదు. నాకు.”

అప్పుడు బావ తన అసలు విద్య బయటికి తీశాడు. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. తుంటి విరిగి అతికినవాళ్లో, ఒక పక్క బరువు వెయ్యలేనివాళ్లో వస్తే టేపు పెట్టి కొలవరు. కాన్వాసు సంచిలో తడి ఇసక పోసి, సీటు ఉండే చోట పరిచి, మనిషిని కూర్చోబెడతారు. కాసేపటికి లేపి చూస్తే అతని వాటం మొత్తం ఇసకలో అచ్చు పడి ఉంటుంది. ఎక్కడ నొక్కుకుంటోంది, ఎటు ఒరుగుతున్నాడు, అన్నీ. ఆ అచ్చును బట్టి స్పాంజి కోస్తారు. చీమకు కూడా అలాగే చిన్న సంచి తయారుచేసి, ఎడమ తొడ మీద పెట్టి, గిటారుకు తడి తగలకుండా పాత రెయిన్‌కోటు ముక్క చుట్టి దానిపైన ఆనించారు. రెండు పాదాలూ నేల మీదే. బావ సుద్దముక్క చెవి మీద పెట్టుకుని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“ఊఁ, సరిగ్గా కూర్చో.”

చీమ సరిగ్గా కూర్చుంది.

“వీపు నిలబెట్టు. గడ్డం పైకి. ఆఁ, ఇప్పుడు వాయించు.”

వాయించింది. అచ్చు చక్కగా పడింది. దాన్ని బట్టి సీటు చేస్తే మొదటి పాటకు స్వర్గం, రెండో పాటకు నరకం. మళ్లీ ఇసక, మళ్లీ అచ్చు, మళ్లీ సీటు. మూడోదీ అంతే. బావ స్పాంజి మార్చాడు, అడుగున ప్లైవుడ్ మార్చాడు, తొడుగు మార్చాడు. కాస్త కష్టమైన పాట మొదలవగానే చీమ మొహం మాడిపోయేది. లైబ్రరీ హాలు రోజు దగ్గరపడుతోంది. పొడుగాయన చీమ భాగం సాధన చేస్తుంటే ఆ మోత వీధి దాటి మా దుకాణంలోకి వినబడేది. బాగా వాయించేవాడు, అదే మా బాధ.

ఆ వారం ఒక వ్యాను డ్రైవరు సీటు కోసం వచ్చాడు. భారీ మనిషి. ఇసక సంచి మీద కూర్చోగానే ఫొటో తీస్తున్నట్టు ఛాతీ విరుచుకుని బిగుసుకున్నాడు. బావ కొలతకు తొందరపడలేదు. “మీ రోడ్డు ఇంకా అలాగే ఉందా అన్నా?” అని అడిగాడు. అంతే, ఆయన గుంతల గురించి మొదలుపెట్టి, మున్సిపాలిటీని దులిపి, అల్లుడి దాకా వెళ్లాడు. చెబుతూ చెబుతూ ఛాతీ దిగింది, పొట్ట ముందుకు వచ్చింది, కుడి పక్కకు ఒరిగిపోయాడు. అప్పుడు బావ, “ఇక లేవండి, అయిపోయింది” అన్నాడు.

మా చెల్లెలు మిషను ఆపింది.

“ఏవండీ, ఆయన్ని సరిగ్గా కూర్చోమనలేదేం?”

“గిరాకీని ఎవడైనా సరిగ్గా కూర్చోమంటాడా? సరిగ్గా కూర్చుంటే కొలత పాడు కదూ. ఈ దుకాణంలో ఇన్నేళ్లున్నావ్, ఇది కూడా తెలీదా?”

“నాకు తెలుసు. మరి మన పిల్లని ఎందుకన్నారు?”

నేను చూశాను, బావ చెవి మీది సుద్దముక్క జారి కింద పడినా తెలుసుకోలేదు. గిరాకీలు ఎవరొచ్చినా కబుర్లలో పెట్టి, వాళ్ల మామూలు వాటం బయటికి రప్పించి కొలిచే మనిషి, కన్నకూతురు కూర్చోగానే తండ్రైపోయాడు. పుట్టినప్పటి నుంచీ చెబుతున్న మాటే చెప్పాడు. ఆ పిల్లా పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే విన్నది. మూడు సీట్లూ బుద్ధిగా కూర్చున్న పిల్లకు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. గిటారు వాయించే పిల్ల వేరే.

చీమ పగలబడి నవ్వింది. “నాన్నా! నీ ఎదురుగా నేనెప్పుడైనా వంకరగా కూర్చున్నానా చెప్పు!”

“అయితే నేను బయటికి పోతా” అన్నాడు బావ, చిన్నబుచ్చుకుని.

“మీరు పోతే చాలదు. కొలుస్తున్నారన్న సంగతి అది మర్చిపోవాలి” అంది చెల్లెలు. “ఆ పని నాకొదిలెయ్యండి.”

సంచి, రెయిన్‌కోటు ముక్క, గిటారు, చీమ, అన్నీ వంటగది గుమ్మం పక్కకు మారాయి. బావా నేనూ తలుపు చాటున నిలబడ్డాం. చీమ కార్యక్రమంలోని కష్టమైన పాట ఎత్తుకుంది. మొదట మళ్లీ బుద్ధిమంతురాలిలాగే కూర్చుంది. చెల్లెలు ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. తరువాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

“ఆ గబగబా వచ్చే ముక్క దగ్గర పొడుగాయన తడబడడు.”

గిటారు ఆగింది. “అంటే? నేను తడబడతానా?”

“నేనలా అన్నానా? ఆయన తడబడడు అన్నాను.”

“అమ్మా, ఆయన ఆ ముక్కలో సగం స్వరాలు మింగేస్తాడు. అందుకే సాఫీగా ఉంటుంది.”

“ఏమో తల్లీ, మాకేం తెలుసు. వినడానికి ఆయనదే బాగుంది.”

“ఏంటి బాగుండేది? ఇదిగో, ఇది ఆయన వాయించేది. విన్నావా? ఇప్పుడిది నాది. ఆ కత్తి పక్కన పెట్టి విను!”

అంతే. ఇక ఇసక లేదు, తండ్రి లేడు, నేను లేను. చీమ ఒళ్లు మరిచి వాయించింది. తల ముందుకు వాలింది, ఎడమ భుజం దిగింది, గిటారును దగ్గరికి లాక్కుని దాని మీదికి వంగిపోయింది. వేళ్లు పరుగెత్తాయి. ఒక్క స్వరం మింగలేదు. నాకు సంగీతం రాదు, అయినా రాసిస్తాను.

“కదలకు!” అని అరుస్తూ బావ తలుపు చాటు నుంచి దూకాడు. నిద్రపోయే బిడ్డను ఎత్తుకున్నట్టు సంచిని రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టాడు. అందరం చుట్టూ మూగాం. ఇంతకుముందు మూడు అచ్చులూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. ఇది వాళ్ల ముఖం చూడనిది. కుడి పక్క గట్టు కట్టినట్టు నిలిచి ఉంది. ఎడమ పక్క మాత్రం ఇసక అణిగి, గిటారు పక్కకు కూరుకుపోయి ఉంది.

బావ తల గోక్కున్నాడు. దాన్ని చదివింది చీమే. వేలితో ఇసక మీద చూపిస్తూ చెప్పింది.

“చూడు నాన్నా, ఎడమవైపు మెడ కిందికి దిగిపోతోంది. వేళ్లు కనబడక నేను దాని వెంట వంగుతున్నా. మనం ఇన్నాళ్లూ గిటారు మొత్తాన్ని పైకి లేపాం. లేపాల్సింది మెడ వైపు. ఈ పక్క ఎత్తు, ఈ పక్క పల్లం. అప్పుడు మెడే నా దగ్గరికొస్తుంది, నేను వంగక్కర్లేదు.”

“అంటే ఏటవాలు సీటు” అన్నాడు బావ.

“ఏటవాలు సీటు. గట్టి స్పాంజి. చివర చిన్న గట్టు, జారకుండా.”

ఆ సీటు ఆమె తన చేత్తోనే చేసింది. బావను ముట్టుకోనివ్వలేదు. ప్లైవుడ్‌ను తొడ వంపుకు తగ్గట్టు అరగదీసింది, స్పాంజి నాలుగుసార్లు కోసి పారేసి అయిదోసారి కుదిర్చింది. తొడుగు నాడా బిగించే పద్ధతిలో కుట్టింది. విప్పి ఉతుక్కోవచ్చని. బావకు ఇచ్చిన పని ఒక్కటే, తొడుగు లోపలి వైపు సుద్దతో గుర్తులు గీయడం. అయ్యాక రెండు పాదాలూ నేల మీద పెట్టుకుని కార్యక్రమం మొత్తం వాయించింది. ముగిశాక మేమంతా ఆమె మొహం వైపు చూస్తుంటే, “ఏంటలా చూస్తారు?” అంది. నడుము సంగతి ఆమెకే గుర్తు లేదు.

లైబ్రరీ హాలు రోజు రానే వచ్చింది. ముందువరసలో మేము. మా పక్కనే పొడుగాయన, గిటారు పెట్టెలోంచి తీసి ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తీగలు కూడా సరిచేసుకున్నాడు. దాన్ని మా చెల్లెలు ఓరగా చూసి, “పెళ్లికూతురు పీటల మీద ఉండగానే ఇంకో పిల్లని చూస్తున్నారన్నమాట” అంది. ఆయన సిగ్గుపడి గిటారును మోకాళ్ల పక్కకు దించుకున్నాడు.

నలుగురూ వచ్చి కూర్చున్నారు. అప్పుడు వచ్చింది తంటా. ఇంట్లో చీమ సాధన చేసింది నూలు బట్టల్లో. ఆ రోజు నలుగురికీ ఒకే రకం నల్లటి దుస్తులు, నిగనిగలాడే జారుడు గుడ్డ. సీటు తొడ మీద పెట్టగానే సబ్బుముక్కలా జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. టీచరుగారు పక్క తెర దగ్గర నుంచి చూస్తున్నారు. పొడుగాయన మెడ మరింత పొడుగైంది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు, ఇంకా కమిలే ఉంది.

చీమ గిటారును పక్కమ్మాయికి ఇచ్చింది. సీటు ఒళ్లో పెట్టుకుని నాడా లాగింది, తొడుగు విప్పింది, తిరగేసింది, మళ్లీ తొడిగి బిగించింది. రెక్సిను లోపలి వైపు గుడ్డ గరుకుగా ఉంటుంది. దుకాణంలో పుట్టిన పిల్లకు అది ఒకరు చెప్పాలా? ఇప్పుడు సీటు తొడను ఉడుంపట్టు పట్టింది. కాకపోతే లోపలి వైపు మా బావ సుద్ద రాతలున్నాయి, పెద్ద పెద్ద అక్షరాల్లో. ముందువరసలో ఉన్న ఒక పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని పైకే చదివింది.

“చీమ. ఎడమ తొడ. ఇటు పైకి.”

హాలంతా గొల్లుమంది. వెనక ఉన్నవాళ్లు ఏమిటేమిటని అడిగి తెలుసుకుని మళ్లీ నవ్వారు. చీమ కూడా నవ్వి, “సరిగ్గానే చదివారండీ” అని ఆవిడకు చెప్పి గిటారు అందుకుంది.

ఇక వాయించారు. జనం వేళ్లు చూశారు. మా చెల్లెలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా కూతురి పాదాలే చూసింది. రెండూ నేలకు అంటుకుని ఉన్నాయి. బావ సీటునే చూస్తూ, “కుంగలేదు బావా, కుంగలేదు” అని గొణుగుతూనే ఉన్నాడు. గబగబా వచ్చే ముక్క దగ్గర పొడుగాయన వేళ్లు కూడా గాలిలో ఆడాయి, కానీ సగంలో ఆగి, చేతులు కట్టుకుని వినడం మొదలుపెట్టాడు. చివరి తీగ మోత ఆగింది. మిగతా ముగ్గురూ లేచారు. చీమ ఒక క్షణం అలాగే కూర్చుంది. తరువాత గిటారు మెడ పట్టుకుని లేచింది. అదే నేను మొదట్లో చెప్పిన లేవడం.

టీచరుగారు తెర పక్క నుంచి వచ్చి, “మూడో కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఇక నన్నెవరూ అడక్కండి” అన్నారు. పొడుగాయన చప్పట్లు కొట్టి కొట్టి వచ్చి, సీటును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చీమా, నాకూ ఒకటి చేసిపెడతావా?”

“నీకు సీటు చాలదు బాబూ. కుర్చీ కింద గొయ్యి తవ్వాలి.”

చేసిపెట్టింది. ఆయనకు చేస్తే ఆయన తమ్ముడికి, తమ్ముడికి చేస్తే తమ్ముడి స్నేహితులకు. టూరుకు ఇంకా కొన్ని నెలల గడువుండగానే చీమ చేతి సీటు మీద వాయించేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో కూడా తయారయ్యారు. మోకాలి ఆపరేషనయ్యాక గిటారు అటక మీద పెట్టేసిన ఒక రిటైర్డు పోస్టుమాస్టరు మళ్లీ దించుకున్నాడు. ఎడమచేత్తో వాయించే అమ్మాయికి అన్నీ తిరగేసి చేసింది. కడుపుతో ఉన్న ఒకామెకు పొట్ట పెరిగే కొద్దీ నాడా సడలించుకునే సీటు కుట్టింది. ఆమె ప్రసవానికి వెళ్లే ముందు వారం దాకా వాయించింది. ఫిజియోథెరపీ అమ్మాయి తన దగ్గరికి వచ్చే వాయిద్యాల వాళ్లను నేరుగా దుకాణానికే పంపుతోంది. దుకాణం ముందు పలక కూడా మారింది. బండ్ల పేర్ల కింద గిటార్లు అని ఒక వరస చేరింది. ఆ వరస బావే స్వయంగా రాశాడు, మిగతావాటికన్నా పెద్ద అక్షరాలతో.

కొలతలు తీసే శాఖ మాత్రం మా చెల్లెలిది. ఎవరొచ్చినా ఇసక సంచి మీద గిటారు పెట్టించి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా గిల్లుతుంది. “మీకన్నా మీ గురువుగారు బాగా వాయిస్తారట కదా?” అంటుంది. “ఈ పాట మొన్న ఇంకొకాయన వాయించాడు, అబ్బ!” అంటుంది. వాళ్లు ఒళ్లు మరిచి వాయించి నిరూపించుకుంటారు. అచ్చు పడుతుంది. పోస్టుమాస్టరుగారైతే కోపంతో రెండు పాటలు ఎక్కువ వాయించి, సంగతి తెలిశాక ఆవిడకు క్షమాపణ చెప్పి వెళ్లాడు.

చీమ ఇప్పుడు ఊళ్లో లేదు. నలుగురూ టీచరుగారితో టూరుకు బయల్దేరి మూడు వారాలు దాటింది. మూడో కుర్చీ మా పిల్లదే. స్టేషన్లో గిటారు పెట్టె పొడుగాయన మోశాడు, ఎవరూ అడక్కుండానే. మొన్న ఫోను చేసినప్పుడు బావ మొట్టమొదట అడిగింది సీటు కుంగిందా అని. చెల్లెలు అడిగింది సరిగ్గా తింటున్నావా అని. నేను అడిగాను, “నడుం ఎలా ఉంది తల్లీ?”

“ఏ నడుం మావయ్యా?” అంది.

ఇంకా నాలుగు ఊళ్లు మిగిలాయట. వాయించి లేచి, వాయించి లేచి, అన్నీ ముగించుకుని నవంబరు పంతొమ్మిదో తేదీ, బుధవారం, పొద్దున బండికి దిగుతుంది.